సెల్ టవర్ మీద అర్జీ ఎవరికి, దేని గురించి?

సంపాదకులకు,

కాలనీలో ఎవరి డాబా మీదైనా సెల్ టవర్ లేస్తోందని తెలియగానే చుట్టుపక్కల వాళ్లంతా సంతకాలు పెట్టి మున్సిపల్ కమిషనర్‌కు అర్జీ ఇస్తారు. అందులో ఉండేది దాదాపుగా ఒకటే మాట: రేడియేషన్ వస్తుంది, ఆపించండి. కొన్నాళ్లకు ‘ఇది మా పరిధిలోది కాదు’ అని జవాబు వస్తుంది. ఈలోగా టవర్ నిలబడిపోతుంది. ఆ జవాబులో తప్పేమీ లేదు, రేడియేషన్ మున్సిపాలిటీ చేతిలో ఉన్న విషయం కాదు. కానీ అదే టవర్ విషయంలో మున్సిపాలిటీ చూడవలసినవి చాలా ఉన్నాయి. వాటిని ఎవరూ అడగడం లేదు, అడగడం లేదు కాబట్టి అక్కడ ఎవరూ చూడడం లేదు.

ముందు రేడియేషన్ సంగతి చెప్పి ముగిస్తాం. దాన్ని చూసేది కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ. 2012 సెప్టెంబర్ 1 నుంచి ఆ శాఖ అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు మన పరిమితిని కుదించింది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 0.45 వాట్లు, 1800 దగ్గర 0.9, 2100 ఆపైన 1 వాటు. అనుమానం ఉన్నవాళ్లు 2017 మేలో మొదలైన తరంగ్ సంచార్ పోర్టల్‌లో రూ.4,000 రుసుము కట్టి కొలతకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే ఎక్కడ కొలవమంటున్నామో ముందే తేల్చుకోవాలి. యాంటెన్నా నుంచి శక్తి టార్చిలైటు వెలుగులా ఎదురుగా పోతుంది, కిందికి వంగేది కొద్ది డిగ్రీలే. అందువల్ల సాధారణంగా టవర్ ఉన్న ఇంటి కింది అంతస్తులో కన్నా ఎదురు వీధిలో అదే ఎత్తున ఉన్న కిటికీ దగ్గర ఎక్కువ నమోదవుతుంది. కేంద్రం 2013లో రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాల్లో దూరాలు చెప్పింది కూడా ఈ కారణంతోనే: ఒక యాంటెన్నా ఉంటే దాని ఎదురుగా 20 మీటర్ల లోపు, రెండుంటే 35, నాలుగుంటే 45, ఆరుంటే 55 మీటర్ల లోపు దాని ఎత్తుకు సమానమైన భవనం ఉండకూడదు. అర్జీలో రాయవలసింది ఆ దూరం. టేపుతో కొలిచి, అంతస్తుల లెక్కతో రాయాలి.

ఇక మున్సిపాలిటీ పని. 2022 ఆగస్టులో రైట్ ఆఫ్ వే నిబంధనలకు (టెలికాం కంపెనీలు ఇతరుల స్థలాల్లో టవర్లు, కేబుళ్లు వేసుకునే హక్కు గురించినవి) చేసిన సవరణతో ప్రైవేటు స్థలంలో టవర్‌కు స్థానిక సంస్థ అనుమతి అక్కర్లేకుండా పోయింది. అయితే టవర్ కంపెనీ పని మొదలుపెట్టక ముందే స్థానిక సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయాలనీ, ఆ సమాచారంతో పాటు స్ట్రక్చరల్ ఇంజినీర్ ఇచ్చిన భద్రతా ధ్రువపత్రం జతచేయాలనీ అందులోనే ఉంది. 2025 జనవరి 1 నుంచి కొత్త రైట్ ఆఫ్ వే నిబంధనలు వచ్చాయి కనుక ప్రతి మున్సిపాలిటీ తన పాత ఫారాలను వాటికి తగ్గట్టు మార్చుకోవాలి. అసలు లోపం మాత్రం ఆ ధ్రువపత్రంలోనే ఉంది. అనుమతి ఇచ్చే అధికారం లేదంటే వచ్చిన కాగితాన్ని చదివే బాధ్యత కూడా లేదని అర్థం కాదు.

ఆ పత్రాల్లో ఎక్కువ భాగం టవర్ గురించే మాట్లాడతాయి. ఉక్కు ఎంత మందం, బోల్టులు ఎన్ని, గాలికి నిలుస్తుందా లేదా. టవర్‌ను మోసే ఇల్లు మాత్రం లెక్కలోకి రాదు. మనుషులు తిరిగే డాబా శ్లాబ్‌ను చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువుకు డిజైన్ చేస్తారు. పాత రకం సీసం బ్యాటరీల బ్యాంకు ఒక్కటే టన్నుకు దగ్గరగా ఉంటుంది, దాన్ని తెచ్చి శ్లాబ్ మధ్యలో పెడతారు. టవర్ కాళ్లైనా, బ్యాటరీ క్యాబినెట్ అయినా శ్లాబ్ మీద కాకుండా పిల్లర్ నుంచి పిల్లర్‌కు వేసిన ఉక్కు బీముల మీద కూర్చోవాలి.

అంతకన్నా పెద్ద సంగతి గాలి. గాలి తోసినప్పుడు టవర్ ఒక పక్కకు ఒరగబోతుంది, అప్పుడు గాలి వచ్చే వైపు కాలు పిల్లర్‌ను పైకి లాగుతుంది. మామూలు ఇంటి పిల్లర్లు బరువును కిందికి మోయడానికి కట్టినవి, పైకి లాగితే తట్టుకుంటాయా అన్నది విడిగా లెక్క వేయాలి. ‘పైన ఇంకో అంతస్తు వేద్దాం’ అని వదిలేసిన పిల్లర్ చువ్వలకే టవర్ కాలి కింది ఉక్కు పలకను (బేస్ ప్లేటు) వెల్డింగ్ చేయడం మరీ ప్రమాదం. ఎన్నో వానాకాలాలు తడిసిన చువ్వల్లో బయటికి కనబడేదానికన్నా లోపలి తుప్పు ఎక్కువగా ఉంటుంది. యాంకర్ బోల్టుల కోసం శ్లాబ్‌కు బెజ్జాలు వేస్తే నీరు దిగుతుంది, రెండు మూడేళ్లలో కింది గది సీలింగు పెచ్చులూడుతుంది. అప్పటికి ఆ ధ్రువపత్రం ఏ ఫైల్లో ఉందో ఎవరికీ తెలియదు.

తీరప్రాంతంలో ఇంకో లెక్క కలుస్తుంది. కట్టడాల మీద గాలి ఒత్తిడిని లెక్కించే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విశాఖపట్నం, విజయవాడల్లో లెక్కకు తీసుకోవలసిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాద్‌లో 44. తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు తుపాను తర్వాత పనిచేయాల్సిన కట్టడాలకు, అంటే కమ్యూనికేషన్ టవర్లకు కూడా, ఆ వేగాన్ని 1.3తో హెచ్చించాలని 2015 సవరణ చెబుతుంది. గాలి ఒత్తిడి వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి వేగం 30 శాతం పెరిగితే ఒత్తిడి 69 శాతం పెరుగుతుంది. తీరపట్టణంలో ధ్రువపత్రం చేతికొస్తే మొదట వెతకవలసింది ఈ 1.3 ఉందా లేదా అన్నదే. లేకపోతే ఆ లెక్క మళ్లీ వేయమనాలి.

టవర్ నిలబెట్టిన రోజున ఉన్నట్టు ఎప్పటికీ ఉండదు. ఒక కంపెనీ కోసం లేచినదాని మీదికి రెండోది వస్తుంది, తర్వాత 5జీ యూనిట్లు వస్తాయి. అవి ఒక్కోటి 30 కిలోలకు అటూ ఇటూ ఉంటాయి. బరువు కన్నా వాటి వెడల్పు పలకలు గాలికి అడ్డుపడడమే ముఖ్యం. మొదటి రోజు ధ్రువపత్రం ఈ కొత్త సరుకుకు చెల్లదు. ఏది కొత్తగా బిగించినా కొత్త లెక్క సమర్పించాలని మున్సిపాలిటీ పట్టుబట్టాలి.

అపార్ట్‌మెంట్లలో మరొక తగాదా ఉంది. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం నిర్వచనంలో టెర్రస్ ఉమ్మడి స్థలం. పై అంతస్తు యజమానో బిల్డరో ఒక్కరే సంతకం చేసి అద్దెకిస్తే అది మిగతావాళ్ల హక్కును అద్దెకిచ్చినట్టే. టవర్ సమాచారంతో పాటు అసోసియేషన్ తీర్మానం కాపీ కూడా కావాలని టౌన్ ప్లానింగ్ విభాగం అడిగితే ఈ తగాదాల్లో చాలావాటికి మొదట్లోనే అడ్డుకట్ట పడుతుంది.

టవర్ జనరేటర్ శబ్దం మీద క్లుప్తంగా: శబ్దం తగ్గించే మూతతో కంపెనీ నుంచే వచ్చే జనరేటర్‌కు ఒక మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాకా అనుమతి ఉంది. నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45. మధ్యలో గోడ అడ్డు లేకపోతే 75 నుంచి 45కు తగ్గడానికి 30 మీటర్లకు పైగా దూరం కావాలి. రెండు మీటర్ల సందు ఉన్న కాలనీల్లో అది కుదిరే పని కాదు, అక్కడ రాత్రి నడిపేది బ్యాటరీతోనే ఉండాలి.

పన్ను విషయం కూడా ఇక్కడ కలుస్తుంది. 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు టవర్ల మీద ఆస్తి పన్ను వేయవచ్చని తీర్పిచ్చింది. 2024 జూన్ 26న అమల్లోకి వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టం సెక్షన్ 14 మాత్రం, ఆస్తి పన్ను విషయంలోనూ టెలికాం సామగ్రిని ఆ ఆస్తిలో భాగంగా లెక్కించకూడదంటోంది. ఇదివరకు పన్ను కోసమైనా మున్సిపాలిటీ టవర్ల జాబితా ఉంచుకునేది. ఇక ఆ కారణం లేదని జాబితానే వదిలేస్తే పెనుగాలి వచ్చిన రాత్రి ఎవరి డాబా మీద ఏముందో చెప్పగలిగేవాళ్లు ఉండరు.

కాబట్టి కమిషనర్లకు మా విన్నపం: అందిన ప్రతి సమాచార పత్రాన్నీ, ధ్రువపత్రాన్నీ వార్డులవారీగా మున్సిపల్ వెబ్‌సైట్‌లో పెట్టించండి. ధ్రువపత్రంలో ఇంటి వయసు, టవర్ కాళ్లు కూర్చున్న పిల్లర్లు, ఒక్కో కాలు మీద పడే బరువు, పైకి లాగే బలం, తీసుకున్న గాలి వేగం విడివిడిగా ఉండాలని ఫారంలోనే అచ్చువేయించండి. వీధి స్తంభాలకు చిన్న సెల్ పెట్టెలు బిగించేటప్పుడు 2013 మార్గదర్శకాల్లోని కనీస ఎత్తు, రోడ్డు మట్టం నుంచి 5 మీటర్లు, పాటిస్తున్నారో లేదో వార్డు సిబ్బందితో కొలిపించండి. పాత విద్యుత్ స్తంభం ఆ అదనపు గాలిని తట్టుకుంటుందో లేదో పెట్టె బిగించకముందే తేల్చాలి.

కాలనీవాసులు ఈసారి అర్జీ రాసేటప్పుడు మొదటి వాక్యంగా ఇది రాయండి: ‘ఫలానా డోర్ నంబరు డాబా మీది టవర్‌కు అందిన సమాచార పత్రం, స్ట్రక్చరల్ ధ్రువపత్రం కాపీలు సమాచార హక్కు చట్టం, 2005 కింద ఇప్పించగలరు.’ చట్టప్రకారం 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ కాగితం మున్సిపాలిటీ దగ్గర లేకపోతే, లేదని రాసివ్వమనండి.

— స్ట్రక్చరల్, టెలికాం ఇంజినీర్లం