సెలవులు కలిసే రోజు

చి. బుజ్జమ్మకు,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. రాత్రి డ్యూటీలో టీతోనే కడుపు నింపుకోకుండా ఏదైనా తింటున్నావని తలుస్తాను. మొన్న నరసరావుపేట అత్తయ్య వచ్చి మీ అన్నాచెల్లెళ్లిద్దరి గురించి ఏదో చెప్పబోయింది కాని నేను చెవిన పెట్టలేదు. ఈ ఉత్తరం అందుకోసం కాదు. పక్కవాటా పిల్లవాడికి క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం), గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) చెబుతుంటే మీరు గుర్తుకొచ్చారు, అంతే.

వాడికి మీ సెలవులనే లెక్కగా ఇచ్చాను. ఆసుపత్రిలో నీకు ప్రతి ఆరో రోజు, కర్మాగారంలో పెదబాబుకు ప్రతి ఎనిమిదో రోజు సెలవు. ఉగాదినాడు రెండూ కలిశాయి. మళ్లీ ఎప్పుడు కలుస్తాయి? వాడు ఆలోచించకుండా 48 అన్నాడు. 6 అంటే 2×3, 8 అంటే 2×2×2; ప్రతి ప్రధాన కారణాంకాన్నీ అది ఎక్కువసార్లు కనిపించిన చోటి నుంచే తీసుకోవాలి కనుక మూడు రెళ్లు, ఒక మూడు చాలునని, ఉమ్మడిగా ఉన్న 2ను రెండుసార్లు లెక్కించడం వల్లనే 24 కాస్తా 48 అయిందని వివరించాను. నిజానికి 24వ రోజూ వెళ్లిపోయింది, 48వ రోజూ వెళ్లిపోయింది. మీ ఇద్దరిలో ఎవరూ రాలేదు, ఫోనైనా చేయలేదు. లెక్క గనుక చెబుతున్నాను.

ముందుగదికి బేతంచర్ల నాపరాళ్లు పరిపించిన రోజు నీకు గుర్తుందా? గది 198 అంగుళాల పొడవు, 144 అంగుళాల వెడల్పు. మేస్త్రి 24 అంగుళాల రాళ్లే వేద్దామన్నాడు. వెడల్పున సరిగ్గా ఆరు పట్టేవి కాని, పొడవున ఎనిమిది పరిచాక గుమ్మం దగ్గర ఆరంగుళాల పట్టీ మిగిలేది. ముక్కలు అతికిన గడప నాకు సుతరామూ నచ్చదు. పెదబాబు టేపు పట్టుకుని, 6 రెండింటినీ భాగిస్తుంది గనుక ఆరంగుళాల రాళ్లు తెద్దామన్నాడు. తప్పు కాదు, సామాన్య భాజకమే. కాకపోతే 792 ముక్కలు కావాలి. మేస్త్రి నవ్వేసరికి వాడి మొహం ముడుచుకుపోయింది. నువ్వు పూత వేయని గోడమీద ఇటుకముక్కతో 198 = 2×3×3×11 అని, 144 = 2×2×2×2×3×3 అని రాసి, రెండింటిలోనూ ఉన్న 2×3×3 చుట్టూ గీత గీశావు. 18 అంగుళాలు. పదకొండు వరుసలు, వరుసకు ఎనిమిది, మొత్తం 88 రాళ్లు, ఒక్క ముక్కా కోయనక్కరలేదు. అలిగిన పెదబాబే సాయంత్రానికి నిన్ను పక్కన కూర్చోబెట్టి, బండిమీది నుంచి 88 రాళ్లూ లెక్కపెట్టి దింపించాడు. అప్పట్లో పూట కూడా నిలవని అలక ఇప్పుడు రెండు నెలలు నిలుస్తుందని అత్తయ్య చెబితే నేనెలా నమ్మను?

పిల్లవాడు 1 ఎందుకు ప్రధాన సంఖ్య కాదని అడిగాడు. 1 కూడా ప్రధాన సంఖ్యే అయితే 6ను 2×3 అనీ, 1×2×3 అనీ, 1×1×2×3 అనీ ఎన్ని విధాలుగానైనా రాయవచ్చు. ఒక సంఖ్యకు ఒకే కారణాంక రూపమన్న నియమం నిలవదు. అడగడం మంచి అలవాటు. నువ్వూ అడిగేదానివి. ఏదైనా మనసులో పెట్టుకోవడం కంటే ఎదుటి మనిషినే అడగడం మేలని నేను మీకు ఎన్నిసార్లు చెప్పానో!

గురువు రాశిచక్రం చుట్టిరావడానికి సుమారు 12 ఏళ్లు, శనికి సుమారు 30 ఏళ్లు పడుతుంది. ఆ రెండింటి క.సా.గు. 60, మన సంవత్సరాల పేర్లూ అరవయ్యే. నేను పుట్టిన పరాభవ ఈ ఉగాదికి మళ్లీ వచ్చింది. మీ అమ్మ షష్టిపూర్తి మాట ఎత్తినప్పుడల్లా, ఇద్దరూ పక్కపక్కన నిలబడితేనే పీటలమీద కూర్చుంటానని అంటున్నాను.

మీ సెలవులు మళ్లీ కలిసే 72వ రోజు మే 30, శనివారం. అమ్మ ఆవకాయను రెండు జాడీల్లో సర్ది, రెండింటికీ వాసెన కట్టి, ఒకేసారి విప్పుతానని కూర్చుంది. బస్సులో ఎండ పడని వైపు కూర్చో. వాడికి కూడా ఈ తేదీ రాశాను. ఈ ఉత్తరమే, పేరు మాత్రం మార్చాను.

ఇట్లు,
మీ నాన్న