వార్షిక నివేదిక: ఈ ఏడు మన మహిళా సంఘం చేసిన పని

అధ్యక్షురాలికి, కార్యవర్గానికి, టంగుటూరు, కొండపి, సింగరాయకొండ వైపు నుంచి వచ్చిన అక్కలకు, చెల్లెళ్లకు నమస్కారం. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలుసు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

స్కూళ్లలో ప్యాడ్ల పంపిణీ ఎప్పటిలాగే జరిగింది, రక్తహీనత పరీక్షలు రెండు ఊళ్లలో చేయించాం, కుట్టు మిషన్ల క్లాసు నడుస్తోంది. వీటి గురించి ఎక్కువ రాయను. ఈ ఏడు మనం గర్వంగా చెప్పుకోవాల్సింది మే 28న, నెలసరి పరిశుభ్రత దినం రోజు, కల్యాణ మండపంలో పెట్టిన సభ గురించి.

ఉపన్యాసం పెడితే ఎవరూ వినరని ముందే అనుకున్నాం. అందుకే నేల మీద ముగ్గుతో 28 గళ్లు వేశాం. ఇంటర్ చదివే పిల్ల ఒక్కో గడిలో నిలబడుతుంటే, ఆ రోజున ఒంట్లో ఏం జరుగుతుందో డాక్టరమ్మ చెప్పుకుంటూ పోయారు. మొదటి గళ్లలో ఎర్ర రంగు చల్లాం, ఆ రోజుల్లో రక్తస్రావం. అప్పటికే తల లోపలి పిట్యూటరీ గ్రంథి నుంచి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ వచ్చి అండాశయంలో కొన్ని చిన్న ఫాలికిల్స్‌ని, అంటే అండాలుండే తిత్తుల్ని, పెంచడం మొదలుపెడుతుంది. వాటిలో మామూలుగా ఒక్కటే ముందుకు పోతుంది, మిగతావి ఆగిపోతాయి. పెరిగేది ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తయారు చేస్తుంది, దాంతో గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. 14వ గడి దగ్గర పిల్లని ఆపి, ఇక్కడ పిట్యూటరీ నుంచే వచ్చే ఎల్‌హెచ్ అనే ఇంకో హార్మోన్ ఒక్కసారిగా పెరిగి అండం బయటికొస్తుందని, అది ఒక్క రోజుకి మించి బతకదని డాక్టరమ్మ చెప్పారు. అండం వదిలేసిన చోటే కార్పస్ లూటియం అనే చిన్న ముద్ద తయారై ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ ఇస్తుంది. గర్భం నిలవకపోతే రెండు వారాల్లో అది ఎండిపోతుంది, హార్మోన్లు పడిపోతాయి, పొర ఊడి నెలసరి వస్తుంది. అంటే మనం చూసే రక్తం చివర్లో జరిగేది, దాన్ని నడిపించేది అండాశయాలు. ఇన్నేళ్లుగా మనం సంచి గురించే మాట్లాడుకున్నాం గాని వీటి ఊసే ఎత్తలేదు.

అందరికీ 28 రోజులే రావాలని లేదు, పెద్దవాళ్లకి 21 నుంచి 35 రోజుల వరకు మామూలే. అండం విడుదలయ్యాక పట్టే రెండు వారాలు పెద్దగా మారవు, తేడా వచ్చేది దానికి ముందు రోజుల్లోనే. పరీక్షల టెన్షన్, జ్వరం, తిండి సరిగా లేకపోవడం వల్ల అండం ఆలస్యమైతే నెలసరి కూడా ఆలస్యమవుతుంది. పెద్దమనిషైన మొదటి ఏడాది రెండేళ్లు 45 రోజులకి వచ్చినా ఉన్నపళంగా కంగారు పడక్కర్లేదని విన్నాక చాలామంది తల్లులు ఊపిరి పీల్చుకున్నారు. మూడు నెలలు దాటినా రాకపోతే మాత్రం చూపించాలి. స్కాన్‌లో అండాశయం మీద నీటి బుడగలు అని రాసినంత మాత్రాన ఆపరేషన్ అక్కర్లేదని, అవి చాలావరకు సగంలో ఆగిన ఫాలికిల్సేనని కూడా చెప్పారు.

అప్పుడు పొగాకు గ్రేడింగ్‌కి వెళ్లే ఒక అక్క లేచి, సంచి తీయించేసుకున్నాక ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర లేదు, మోకాళ్లు పట్టేస్తున్నాయి, ఎందుకమ్మా అని అడిగింది. అండాశయాలు ఉంచారా తీశారా అని డాక్టరమ్మ అడిగితే ఆమెకి తెలియదు. చుట్టూ ఉన్న వాళ్లలో సంచి తీయించుకున్న ఎవరికీ తెలియదు! సంచి తీసి అండాశయాలు ఉంచితే నెలసరి ఆగుతుంది గాని హార్మోన్లు వస్తూనే ఉంటాయి, కొందరికి మాత్రం కాస్త ముందే తగ్గుతాయి. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది, చిన్న వయసులో అలా జరిగితే ఎముకలు గుల్లబారతాయి, గుండెకీ మంచిది కాదు. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పి అని 35 ఏళ్లకే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు మనలో ఎంతమంది లేరు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద వందకి ముగ్గురికి సంచి తీస్తే మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మందికి తీశారు. అవసరం లేని ఈ ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రాలకి ఆదేశాలు ఇచ్చింది. అవసరమైన వాళ్లు చేయించుకోవాల్సిందే, ఎవరూ భయపడి ఆపుకోవద్దు. కాకపోతే ముందు మందులతో తగ్గుతుందా అని అడగండి, రెండో డాక్టర్‌కి చూపించండి, అండాశయాలు ఉంచుతారా అని నోరు తెరిచి అడగండి.

సభ తర్వాత చాలామంది అక్కలు ఇంట్లో వెతికి డిశ్చార్జి కాగితాలు తెచ్చారు, మన నర్సు చెల్లెలు కూర్చుని చదివి ఎవరికి ఏం తీశారో చెప్పింది. కాగితమే ఇవ్వలేదన్న వాళ్లూ ఉన్నారు, వాళ్ల కోసం ఆసుపత్రులకి అర్జీలు రాసి పెట్టాం.

మండపం ఉచితంగా ఇచ్చిన యజమానికి, టీ, ఉప్మా చూసుకున్న మెస్ అక్కకి, ఆ రోజు ఆడవాళ్లని కూలి కోయకుండా పంపిన గ్రేడింగ్ మేస్త్రికి, ముగ్గు వేసిన పిల్లలకి, పైసా తీసుకోని డాక్టరమ్మకి సంఘం తరఫున చేతులెత్తి దండం. తప్పకుండా వస్తానన్న అధికారి రాలేదు, కనీసం ఫోన్ కూడా చేయలేదు, ఆయన కోసం పిల్లలు గంటసేపు ఎండలో నిలబడ్డారు. నాకు అంతకంటే బాధ కలిగించింది మనవాళ్లే. గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు పెట్టిన వాలంటీర్లలో సగం మంది ఆ రోజు కనపడలేదు, కుర్చీలు ముసలామెలు మోశారు. రాలేకపోతే ముందు రోజే చెప్పండి, ఇంకొకరిని చూసుకుంటాం.

జమాఖర్చుల కాగితం అందరికీ పంచాం, ఆడిటర్ సంతకం అయింది, మిగులు బ్యాంకులో ఉంది, సందేహం ఉంటే కోశాధికారి అక్కని అడగండి.

వచ్చే నెల కొండపిలో ఇదే సభ పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. ముగ్గు వేయడానికి, ఇంటింటికీ చెప్పడానికి, కాగితాలు చదవడానికి మనుషులు కావాలి. పేర్లు ఈ మీటింగ్ అయ్యేలోపే నాకు రాసి ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి