మాకంటే ముందు ఈ ఇంట్లో అద్దెకున్న అక్కకి

సామాన్లు సగం ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. నడుం పట్టేసింది. నా ఛార్జర్ ఏ పెట్టెలో పడిందో తెలీక నా పార్ట్‌నర్ ఛార్జర్‌తోనే ఇద్దరం నెట్టుకొస్తున్నాం. అంతా సర్దుకున్నాక తీరిగ్గా రాద్దామనుకున్నా గానీ, తీరిగ్గా అనుకున్న పని నా చేతిలో ఎప్పుడూ తెమలదు. కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, నేనూ తనూ ఇళ్ళలోంచి బయటికొచ్చి సొంతంగా ఒక అద్దె ఇంట్లో చేరాం. ఇద్దరికీ ఇదే మొదటిసారి. అమ్మకీ నాన్నకీ తమ్ముడికీ తన ఇంట్లోవాళ్ళకీ థాంక్స్, మోయాల్సినవి మోశారు, డబ్బు అటూ ఇటూ సర్దారు. పదిమందిలో ఇంకా పొగిడితే వాళ్ళే తిడతారు, ఇక్కడితో ఆపుతున్నా.

అసలు ఈ పోస్టు ఒక్క మనిషి కోసం. పేరు రాయొద్దంది కాబట్టి అక్క అనే అంటాను.

ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు బ్రోకర్ తలుపు తీయించి, ఫోన్ వస్తే మాట్లాడుకుంటూ కిందికి వెళ్ళిపోయాడు. లోపల అక్క ఒక్కతే సామాన్లు సర్దుకుంటోంది, ప్యాకింగ్ టేపు చుట్ట చేతికి గాజులా తొడుక్కునే ఉంది. మేము గదులు చూసి, కిటికీలు తెరిచి మూసి, అద్దె ఎంత, అడ్వాన్స్ ఎంత అని మాలో మేము గుసగుసలాడుకుంటుంటే ఆవిడే పిలిచింది. "బడ్జెట్ వేసుకున్నారా? చూపించండి, ఏమనుకోకపోతే."

తను ఫోన్‌లో షీట్ తెరిచి ఇచ్చాడు. అద్దె, అడ్వాన్స్, బండి కిరాయి, మంచం, ఫ్రిజ్, సరుకులు. మా ఇద్దరికీ ఆ షీట్ అంటే కాస్త గర్వమే, రాత్రుళ్ళు కూర్చుని చేసింది. ఆవిడ పైనుంచి కిందికి ఒకసారి చూసి, సర్దేసిన పెట్టె ఒకటి మళ్ళీ కోసి, అందులోంచి పొడవాటి రూళ్ళ నోట్‌బుక్ తీసింది. ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ రాసుకున్న ఖర్చు లెక్క అది. నెల వారీగా కరెంటు, నీళ్ళు, మెయింటెనెన్స్, గ్యాస్, ఇంటర్నెట్. ఒక నెల కరెంటు అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పక్కన "గీజర్ కాయిల్, ఓనర్ సగం" అని ఉంది. మామూలుగా ఎంత వస్తుందో కనుక్కుందామని ఎంతమందిని అడిగామో, అందరూ "అది మీ వాడకాన్ని బట్టి ఉంటుంది" అన్నవాళ్ళే. ఇక్కడ ఒకావిడ తన పన్నెండు నెలల వాడకం మా ముందు పరిచేసింది. "ఫోటోలు తీసుకోండి" అని పేజీలు తనే అదిమిపట్టుకుంది, ముడుచుకోకుండా.

తర్వాత నేల మీదే కూర్చోబెట్టి చెప్పింది. మొదటి నెలని మామూలు నెలలతో కలపొద్దంది. అడ్వాన్స్, మొదటి అద్దె, కమిషన్, షిఫ్టింగ్, కొత్త కనెక్షన్లు అన్నీ ఒకేసారి మీద పడతాయి, వాటిపైన బకెట్లు, చీపురు, బల్బులు, కర్టెన్లు, తాళాలు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు. ఒక్కొక్కటీ చూస్తే చిన్నదే, కలిపితే తడిసి మోపెడు. దానికి విడిగా ఒక పేజీ పెట్టమంది. ఇన్సూరెన్స్, బండి సర్వీసింగ్ లాంటి ఏడాదికోసారి కట్టేవన్నీ కూడి పన్నెండుతో భాగించి ఆ ముక్క నెలనెలా పక్కన పెట్టమంది. అడ్వాన్స్ గురించి ఇంకోమాట అంది, అది మీ డబ్బే గానీ మీ చేతిలో ఉండే డబ్బు కాదు, దాన్ని పొదుపు కింద రాసుకుని మురిసిపోకండి అని. మూడు నుంచి ఆరు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు విడిగా ఉండాలని అందరూ చెప్పేదే, దాన్ని తీసి అడ్వాన్స్ కట్టేస్తే ఇల్లు మారిన వారానికే ఏ చిన్న రిపేరు వచ్చినా అప్పే అంది. జీతంలో 30 శాతం అద్దెకి అంటారు కదా, ఆ లెక్క చేతికొచ్చే జీతం మీద వేసుకోవాలి, అద్దెతో పాటు మెయింటెనెన్స్ కూడా కలిపి వేసుకోవాలి అంది. మా షీట్‌లో ఆ వరుస అప్పటికప్పుడు మార్చాం. అంకె చూసి తను కాసేపు ఏం మాట్లాడలేదు.

మేము అన్నీ సగం సగం అనుకున్నాం, సమానం అంటే అదే కదా అని. "మీ జీతాలు సమానమా?" అంది. కాదు. "ఇద్దరి జీతాలు కలిపితే అందులో ఒకరిది 60 శాతం, ఇంకొకరిది 40 శాతం అనుకోండి, అద్దె కూడా అలాగే పంచుకోండి. లేకపోతే ఒకరికి నెలాఖరున మిగులుతుంది, ఇంకొకరు ఆటో ఎక్కడానికి ఆలోచిస్తారు. గొడవలు అక్కడ మొదలవుతాయి." ఈ మాట మా ఇద్దరిలో ఎవరం ముందు అనాలన్నా మొహమాటంగా ఉండేది, నిజానికి. బయటి మనిషి అనేసరికి తేలిగ్గా అయిపోయింది.

ఆ తర్వాత అడిగింది మాత్రం ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. "ఒకరి జీతం ఆగిపోతే రెండోవాళ్ళది ఎన్ని నెలలు లాగుతుంది? ఒకరు వెళ్ళిపోతే?" మేము మొహాలు చూసుకున్నాం. ఆవిడ నోట్‌బుక్‌లో వెనక పేజీలు తిప్పింది. ముందు నెలల్లో రెండు రకాల చేతిరాత, ఒక నెల నుంచి ఒక్కటే. అగ్రిమెంట్ ఇద్దరి పేరు మీదా ఉందట, లాకిన్ (మధ్యలో ఖాళీ చేయకూడని గడువు) అయ్యేదాకా రెండు వాటాలూ ఆవిడే కట్టిందట. "ఇద్దరూ సంతకం పెడితే చాలా అగ్రిమెంట్లలో మొత్తం అద్దెకి ఇద్దరిలో ప్రతి ఒక్కరూ పూచీ. లాకిన్, నోటీస్ పీరియడ్ చదివి పెట్టండి. ఏ వస్తువు ఎవరు కొన్నారో ఒక కాగితం మీద రాసుకోండి. ప్రేమ లేక కాదమ్మా, తలనొప్పి ఉండదని." కరెంటు బిల్లు గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. నాకే గొంతు పట్టేసింది, బాత్రూమ్ చూసొస్తానని లేచి వెళ్ళి అక్కడ కాసేపు ఏడ్చాను. అన్ని ఇళ్ళు తిరిగాక, అందరూ మా దగ్గర ఎంత రాబట్టొచ్చా అని చూసినవాళ్ళే అయ్యాక, మా జేబు గురించి బెంగ పెట్టుకున్న మొదటి మనిషి ఆవిడ. మాతో ఆవిడకి ఒరిగేదేమీ లేదు.

బయటికొచ్చేసరికి తనతో కలిసి గోడలకి ఫోటోలు తీయిస్తోంది. "ఈ మరక నాది, ఈ పగులు నాకంటే ముందుది. తేదీ పడేలా తీసి చేరేరోజే ఓనర్‌కి మెయిల్ పెట్టండి, మీటర్ రీడింగ్ కూడా. లేకపోతే ఖాళీ చేసేటప్పుడు ఇవన్నీ మీ అడ్వాన్స్‌లోంచి పోతాయి." కర్టెన్ రాడ్లు వదిలేసి వెళ్ళింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఇక ఒక మాట అనకుండా ఉండలేను. ఇదంతా మాకు ఖాళీ చేసే మనిషి చెప్పాల్సొచ్చింది. ప్రకటనలో అద్దె ఒక్కటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది, మెయింటెనెన్స్ ఇల్లు చూశాక, పెయింటింగ్ ఛార్జీలు సంతకం పెట్టే ముందు, పార్కింగ్ సంతకం పెట్టాక తెలుస్తాయి. కమిషన్ అద్దెని బట్టి లెక్కగట్టేటప్పుడు తక్కువ అద్దె ఇల్లు చూపించాలన్న తొందర ఎవరికుంటుంది? ఒకచోట టోకెన్ (ఇల్లు మాకే ఉంచమని ముందుగా ఇచ్చే డబ్బు) కట్టించుకుని, ఇల్లు వేరేవాళ్ళకిచ్చేసి, ఆ టోకెన్ కోసం మమ్మల్ని తిప్పించుకుంటూనే ఉన్నారు. ఇంకోచోట ఇంతకుముందు అద్దెకున్నట్టు రుజువు కావాలన్నారు. మొదటిసారి బయటికొచ్చేవాళ్ళకి అది ఎక్కణ్ణుంచి వస్తుంది? లేదంటే అడ్వాన్స్ ఇంకా ఎక్కువ కట్టమన్నారు. ఉన్నవాళ్ళకే ఇల్లు అన్నట్టుంది వ్యవహారం. సరే, దీని గురించి రాస్తే ఇంకో పోస్టు అవుతుంది.

అక్కా, మీరు చెప్పినట్టే చేరేముందు కొన్నాళ్ళు ఎవరి ఇంట్లో వాళ్ళం ఉండి, అద్దె కట్టేస్తున్నట్టే ఆ మొత్తం విడి ఖాతాలోకి పంపాం. మొదటి నెలలోనే తేలిపోయింది, సోఫా ఇప్పుడు కాదని. పరుపు నేల మీదే వేసుకున్నాం, బానే ఉంది. మీ కొత్త ఇంట్లో గీజర్ సరిగ్గా పనిచేయాలని కోరుకుంటున్నా.

అయ్యో, బండి డ్రైవర్ అన్నని మర్చిపోయా. లిఫ్ట్ ఆగిపోతే ఫ్రిజ్ మెట్లమీదుగా ఎక్కించి ఎక్స్‌ట్రా ఒక్క రూపాయి అడగలేదు. ఆఫీసులో పక్క సీటు అమ్మాయికి థాంక్స్, సెలవు రోజు నా పని చూసుకున్నందుకు. నా పార్ట్‌నర్ ఫ్రెండ్‌కి, వాషింగ్ మెషిన్ కొనేముందు తలుపు వెడల్పు కొలవమని గుర్తుచేసినందుకు, కొలవకపోతే బయటే ఉండేది అది. ఎదురింటి అంకుల్‌కి కూడా. అంకుల్, మీ స్క్రూడ్రైవర్ సెట్ ఇంకా నా దగ్గరే ఉంది, రేపు పొద్దున్నే ఇచ్చేస్తా.