ఏటీపీ లెక్క మారింది, కీ మారలేదు

సంపాదకులకు నమస్కారం.

ఈ నెల 12న జీవరసాయన శాస్త్రవేత్త డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జయంతికి మీరు అర పేజీ కేటాయించినందుకు, ఆయన పుట్టిన భీమవరంలోనే పుట్టి పెరిగినవాడిగా ఎంతో సంతోషించాను. అదే వారం మీ విద్యార్థుల పేజీలో సీనియర్ ఇంటర్ బైపీసీ పిల్లల కోసం వేసిన వృక్షశాస్త్రం బిట్లు చూశాక ఆ సంతోషం నిలవలేదు. ఒక గ్లూకోజు అణువు పూర్తిగా ఆక్సీకరణం చెందితే ఎన్ని ఏటీపీలు (కణంలో శక్తిని అందించే అణువులు) వస్తాయన్న ప్రశ్నకు మీ జవాబుల కీలో 38 అని ఉంది. ఏటీపీలోని ఫాస్ఫేటు బంధం తెగగానే అందులో దాగిన శక్తి బయటికి వస్తుందని కింద వివరణ కూడా ఇచ్చారు. సవరణ వస్తుందేమోనని నాలుగు రోజులు ఎదురుచూశాను. రాలేదు కనుక రాస్తున్నాను.

ఆ 38 ఎలా వచ్చిందో ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద రాసినవాణ్ణి. ఒక గ్లూకోజు నుంచి పది ఎన్ఏడీహెచ్‌లు, రెండు ఎఫ్ఏడీహెచ్2లు వస్తాయి. రెండూ ఎలక్ట్రాన్లను మోసుకెళ్లే అణువులే. మొదటిదానికి మూడేసి, రెండోదానికి రెండేసి ఏటీపీలు కట్టి, నేరుగా తయారయ్యే నాలుగింటిని కలిపితే 38 అవుతుంది. కానీ కణానికి శక్తి కేంద్రమైన మైటోకాండ్రియాలో ఏటీపీ తయారయ్యేది లోపలి పొరకు అవతలికి చేరిన ప్రోటాన్లు తిరిగి ఇవతలికి వచ్చేటప్పుడని పీటర్ మిచెల్ 1961లో ప్రతిపాదించాడు. అందుకు 1978లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ ప్రోటాన్ల లెక్క తేలాక మూడు కాస్తా రెండున్నర అయింది, రెండు కాస్తా ఒకటిన్నర అయింది. ఆ లెక్కన మొత్తం 32 వస్తుంది. మైటోకాండ్రియా బయట, సైటోప్లాజంలో పుట్టిన ఎన్ఏడీహెచ్ తన ఎలక్ట్రాన్లను ఏ దారిన లోపలికి చేరవేస్తుందన్న దాన్ని బట్టి అది 30 కూడా కావచ్చు. ఇదేమీ నిన్నటి వార్త కాదు. జీవరసాయన శాస్త్ర గ్రంథాల్లో ఎప్పటినుంచో ఉన్నదే.

బంధం సంగతి ఇంకా మౌలికమైనది. ఏ రసాయన బంధాన్ని తెంచాలన్నా శక్తిని వెచ్చించవలసిందే. ఏటీపీ నీటితో చర్య జరిపి, ఒక ఫాస్ఫేటు తగ్గిన ఏడీపీగా, విడి ఫాస్ఫేటుగా విడిపోయినప్పుడు, పక్కపక్కన ఇరుక్కున్న రుణావేశాలు దూరమై, ఏర్పడినవి మునుపటికన్నా స్థిరంగా ఉంటాయి. ఆ తేడాయే మనకు దక్కే శక్తి. ప్రామాణిక పరిస్థితుల్లో మోలుకు సుమారు 30.5 కిలోజౌళ్లు. ఈ ఒక్క ముక్క అర్థం కాని పిల్లవాడు రేపు డాక్టరై కూడా ఏటీపీని బాణసంచాలాగే ఊహించుకుంటాడు.

మా మనవరాలు వారాంతపు పరీక్షలో 30 నుంచి 32 అని రాసి, కారణం కూడా రెండు వాక్యాల్లో వివరించింది. కళాశాలలో కీ ప్రకారం ఆ మార్కు కొట్టేశారు. ఆ పిల్ల జవాబు పత్రం నా ముందు పెట్టి, "తాతయ్యా, పబ్లిక్ పరీక్షలో నన్ను ఏది రాయమంటావు?" అని అడిగితే నాకు నోట మాట రాలేదు.

మీ జయంతి వ్యాసం గురించి కూడా చెప్పాలి. ఏటీపీని సుబ్బారావు గారు ఒక్కరే కనుగొన్నట్టు రాశారు. హార్వర్డ్‌లో ఆయనతో కలిసి పనిచేసిన సైరస్ ఫిస్కే పేరు లేదు, వారు కనుగొన్న 1929లోనే జర్మనీలో స్వతంత్రంగా కనుగొన్న కార్ల్ లోమన్ పేరూ లేదు. ఆ పేర్లు చెప్పినంత మాత్రాన మన సుబ్బారావు గారి ఘనత రవ్వంత కూడా తగ్గదు. అసలు చెప్పవలసిన సంగతి మరొకటి ఉంది. ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ఫిస్కే, సుబ్బారావు గారు కలిసి 1925లో ప్రకటించారు. అందులో ఫాస్ఫరస్ ఎంత ఎక్కువగా ఉంటే నీలిరంగు అంత చిక్కగా వస్తుంది. కండరాల నుంచి తీసిన ద్రవంలో ఆ నీలిరంగు రావలసినంత త్వరగా రాకపోవడం గమనించి, ఎందుకు ఆలస్యమవుతోందని వెంటపడితే, కండరాల్లో శక్తిని నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. పరీక్షనాళిక ముందు నిలబడి రంగు కోసం ఓపికగా చూసినందుకు దక్కిన ఫలితం అది. మీ అర పేజీలో దానికి ఒక్క వాక్యమైనా చోటు లేకపోయింది.

ఓపికగా చూసే అవకాశం ఈనాటి పిల్లలకు ఎక్కడుంది? నేను పదవీ విరమణ చేసిన కళాశాలకు కిందటి ఏడాది వెళితే ప్రయోగశాలకు తాళం వేసి ఉంది. తీయించి చూస్తే మైక్రోస్కోపుల మీద బూజు, సీసాల మీద చెదలు తిన్న చీటీలు. రికార్డులు మాత్రం నిండుగా ఉన్నాయి. ఒకరిది చూసి ఒకరు దించుకున్నవే. గోరువెచ్చని పంచదార నీళ్లలో చిటికెడు ఈస్టు కలిపి, సీసా మూతికి బుడగ తొడిగితే కాసేపటికి అది మెల్లగా ఉబ్బుతుంది. ఆ గాలిని సున్నపు తేటలోకి వదిలితే తేట పాలలా మారుతుంది. కణం శ్వాసిస్తుందని కళ్లారా చూడడానికి యాభై రూపాయలు కూడా ఖర్చు కాదు. ఆ మాత్రం చేయించని కళాశాలలకు ప్రాక్టికల్ పరీక్షల అనుమతి ఏటా ఎలా వస్తోందో ఇంటర్ విద్యాధికారులే చెప్పాలి. నేను రెండుసార్లు ఉత్తరం రాశాను, జవాబు లేదు.

మీ పేజీని ఊరూరా పిల్లలు కత్తిరించి దాచుకుంటారు. బోర్డు పాత అంకెనే అడిగితే అది పాత అంచనా అని పక్కన రాయండి, నేటి లెక్క ఏమిటో కూడా వేయండి. పరీక్షలు దగ్గర పడుతున్నాయి, సవరణ ఈ వారమే ఇవ్వండి.

ఇట్లు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
భీమవరం