ఊళ్లో ఇంటికి ఏ జనరేటర్ కొనాలంటే

మావా,

అమ్మానాన్నల కోసం కవిటిలో ఇంటికి జనరేటర్ కొంటానని రాశావు కదా, చాలా మంచి పని. కాకపోతే అక్టోబరు రాకముందే కొనెయ్యి. తుఫాను హెచ్చరిక వచ్చాక పలాస, కాశీబుగ్గ షాపుల్లో మంచివి మిగలవు, ఉన్నదాన్నే అంటగడతారు.

నువ్వు ఫ్యాన్లు, టీవీ, ఫ్రిజ్, ఏసీ అని పెద్ద లిస్టు రాశావు గానీ నేనైతే ముందు బోరు మోటారు గురించే అడుగుతాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మన శ్రీకాకుళం జిల్లాలోనే తీరం దాటినప్పుడు గుర్తుందా? కొబ్బరి చెట్లు, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి. అప్పుడు జనం ఏడ్చింది ఫ్యాను లేక కాదు, నీళ్లు లేక. ఇంటి ముందే బోరు ఉండి కూడా బిందె పట్టుకుని వీధులు తిరిగారు. మా వీధిలో అందరం తలా కొంత వేసుకుని ఒక జనరేటర్ అద్దెకి తెచ్చి ఒక్కో ఇంటి ట్యాంకు నింపుకుంటే గానీ గండం గట్టెక్కలేదు. అందుకే మోటారు లాగలేని జనరేటర్ నీకు వద్దు.

1 హెచ్‌పీ అంటే 746 వాట్లే కదా, 1 కేవీఏ జనరేటర్ చాలదా అని షాపులో ఎవరైనా అంటే నమ్మకు. కేవీఏ అంటే జనరేటర్ ఎంత లోడు లాగగలదో చెప్పే కొలత. మోటారు తిరిగేటప్పుడు కిలోవాట్ దాకా తీసుకుంటుంది, స్టార్ట్ అయ్యే ఆ క్షణంలో మాత్రం దానికి కొన్ని రెట్లు గుంజుతుంది. చిన్న జనరేటర్ అక్కడే చతికిలపడి ఆగిపోతుంది. సింగిల్ ఫేజ్ 1 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ అయితే 3 కేవీఏకి తక్కువ చూడకు, 5 అయితే నిశ్చింత. డబ్బు మొత్తం కట్టేముందు ఇంటికి తెప్పించి, మీ మోటారుకే కలిపి నడిపించి చూపించమను. మీది త్రీ ఫేజ్ మోటారైతే ఈ సింగిల్ ఫేజ్ జనరేటర్ దాన్ని తిప్పలేదు, ముందే కనుక్కో. ఏసీ సంగతి మర్చిపో.

రోజంతా నడపక్కర్లేదు. ఓ గంట నడిపి ముందు ట్యాంకు నింపుకుని, మోటారు ఆపేశాక ఫోన్లు ఛార్జింగ్ పెట్టి, ఫ్రిజ్ చల్లబరిస్తే చాలు. ఆ పూటకి లీటరు, లీటరున్నర పెట్రోలు అవుతుంది. తుఫాను తర్వాత బంకుల్లో కూడా కరెంటు ఉండదు కాబట్టి పెట్రోలు పొదుపుగా వాడుకోవడం ముఖ్యం. రాత్రి ఫ్యాన్లకి, లైట్లకి ఇన్వర్టర్ ఉంచు. 150 ఏహెచ్ బ్యాటరీతో మూడు ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు నాలుగైదు గంటలు వస్తాయి.

సోలార్ పెడితే ఇవేవీ అక్కర్లేదని మీ బావ అన్నాడట. సబ్సిడీ మీద పెట్టే సోలార్ ఎక్కువగా గ్రిడ్‌కి కలిపిందే, లైన్లో కరెంటు పోతే పట్టపగలు ఎండ ఉన్నా అదీ ఆగిపోతుంది. లైను బాగుచేసేవాళ్లకి షాక్ కొట్టకుండా అలా చేశారు. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ అయితే వేరే సంగతి, దానికి ఖర్చూ వేరే.

ఆ షాక్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, చేంజోవర్ స్విచ్, అంటే ఇంటిని లైను కరెంటుకి గానీ జనరేటర్‌కి గానీ ఒక్కదానికే కలిపే స్విచ్, పెట్టించకుండా జనరేటర్ తాడు లాగొద్దు. కొంతమంది వైరుకి రెండు వైపులా పిన్నులు పెట్టి గోడ సాకెట్‌లో గుచ్చేస్తారు. ఆ కరెంటు మీటరు దాటి లైన్లోకి పోయి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎక్కువ వోల్టేజీ అవుతుంది. వానలో తడుస్తూ మన కోసం స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం తీసే పని అది. ఫేజు, న్యూట్రల్ రెండూ మార్చే స్విచ్ అడుగు. జనరేటర్‌కి ఎర్త్ కూడా వేయించు.

ఇంకొకటి, నాన్నగారికి నా మాటగా గట్టిగా చెప్పు. వాన పడుతోందని దాన్ని వరండాలో గానీ వంటింటి వెనక గదిలో గానీ నడపకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. పెరట్లో, కిటికీలకి బాగా దూరంగా, నాలుగు వైపులా గాలి ఆడేలా పైన రేకు వేయించండి చాలు. ఇంజను వేడిగా ఉన్నప్పుడు పెట్రోలు పోయకూడదు.

కొన్నాక నెలకోసారి పది నిమిషాలు లోడు పెట్టి నడపాలి. ఎక్కువ నెలలు వాడకపోతే ట్యాంకులో, కార్బరేటర్‌లో పెట్రోలు తీసేయాలి, లేకపోతే జిగురు కట్టి అవసరమైన రోజున స్టార్ట్ కాదు. తాడు లాగడం నాన్నగారి వల్ల కాదు కాబట్టి సెల్ఫ్ స్టార్ట్ ఉన్నదే తీసుకో, నాలుగు డబ్బులు ఎక్కువైనా పర్వాలేదు.

మోటారు స్టార్టర్ పెట్టె మీద ప్లేటు ఉంటుంది, దాని ఫోటో తీయించి పంపు. ఎన్ని కేవీఏ కావాలో చూసి చెప్తాను. నువ్వు ఊరొచ్చినప్పుడు కాశీబుగ్గలో దిగితే ఇద్దరం కలిసే షాపుకి వెళ్దాం.

ఇట్లు
నీ మావ