మా ఊరి గ్రంథాలయానికి ఇంటర్నెట్ తెచ్చిపెట్టిన వారందరికీ కృతజ్ఞతలు

పార్వతీపురం మన్యం జిల్లాలో గుమ్మలక్ష్మీపురం దాటి ఒడిశా సరిహద్దు వైపు వెళ్తే మా ఊరు వస్తుంది. ఊరి గ్రంథాలయంలోని కంప్యూటర్‌కు ఇప్పుడు ఇంటర్నెట్ ఉంది. డెబియన్ 12 (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) నడిచే పాత డెస్క్‌టాప్, దానికంటే పాతదైన హువావే ఈ1550 యూఎస్‌బీ మోడెం, అందులో బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్. మా దగ్గర ఉన్న సరంజామా ఇంతే. పదో తరగతి ఫలితాలు చూసుకోవాలన్నా, ఉపకార వేతనం దరఖాస్తు నింపాలన్నా, పాలిసెట్ హాల్ టికెట్ తీసుకోవాలన్నా మా పిల్లలు ఇంతకాలం బస్సెక్కి పట్నం వెళ్లవలసి వచ్చేది. ఆ అవస్థ తప్పించిన వారికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలి. ఫోనులో చెప్పాను గానీ అది నాకు చాలలేదు.

ముందుగా విశాఖపట్నంలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేస్తున్న అమ్మాయికి. పేరు రాయవద్దని గట్టిగా చెప్పింది కాబట్టి రాయడం లేదు. మా తోటి ఉపాధ్యాయుడి దగ్గర చదువుకున్న పిల్ల. నన్ను ఇంతవరకు చూడనేలేదు. ఉద్యోగం నుంచి ఇంటికి వచ్చి, అన్నం తిన్నాక ఫోను చేసి, మా పని ఒక కొలిక్కి వచ్చేదాకా విసుగన్నది లేకుండా మాట్లాడేది.

మోడెం గుచ్చగానే తెర మీద సీడీ బొమ్మ ఒకటి వచ్చేది. తెరిస్తే అందులో విండోస్‌కు పనికొచ్చే సెటప్ ఫైలు ఉండేది. మోడెం జాడ మాత్రం ఎక్కడా లేదు. అడిగిన ప్రతివారూ లినక్స్ తీసేసి విండోస్ వేయించమన్నారు. ఈ అమ్మాయి ఆ మాట అనలేదు. “మాస్టారూ, టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అని కొట్టండి. ఏమి వస్తే అది ఉన్నదున్నట్టు చదవండి, నేను రాసుకుంటాను” అంది. టెర్మినల్ అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీ, ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అంటే కంప్యూటర్‌కు తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా చూపించే ఆదేశం. నేను ఒక్కో వరుసా చదువుతూ 12డీ1:1446 దగ్గరికి రాగానే ఆపి, “మోడెం బాగానే ఉంది మాస్టారూ, ఇంకా సీడీ వేషంలోనే ఉంది, అంతే” అంది. అది విన్నాక నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఆ అంకెల సంగతి ఆమె విడమరిచి చెప్పింది. మొదటి నాలుగు అక్షరాలు తయారీదారు గుర్తు. తరవాతి నాలుగూ ఆ పరికరం ప్రస్తుతం ఏ రూపంలో ఉందో చెబుతాయి. విడిగా సీడీ ఇవ్వనక్కర లేకుండా డ్రైవర్లను మోడెం లోపలే పెట్టి అమ్మారు. అందుకని గుచ్చగానే అది తనను సీడీ డ్రైవ్‌గా చెప్పుకుంటుంది. విండోస్‌లో అయితే అందులోని డ్రైవర్లు ఎక్కి, ఇక మోడెంగా మారమని దానికి చెబుతాయి. లినక్స్‌లో ఆ పని చేసే ప్రోగ్రాము యూఎస్‌బీ మోడ్‌స్విచ్. అది ఇలాంటి మోడెంకు 31 బైట్ల సందేశం ఒకటి పంపుతుంది. 55 53 42 43 అని మొదలవుతుంది ఆ సందేశం, అంటే యూ, ఎస్, బీ, సీ అనే నాలుగు అక్షరాల సంకేతాలు. అది అందగానే మోడెం ఒక్క క్షణం మాయమై, 12డీ1:1001 అనే కొత్త గుర్తుతో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఈ ప్రోగ్రాము రాసినవారు జోసువా డీట్జే. ఏయే మోడెంకు ఏ సందేశం పంపాలో ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా కూర్చి పెట్టిన మనిషి. ఆయనకు తెలుగు రాదు, ఇది చదవరు. అయినా ఆయన పేరు ఇక్కడ ఉండాలి.

మా కంప్యూటర్‌లో ఆ మోడ్‌స్విచ్ లేదు. పాత యంత్రం కదా, బరువు కాకూడదని కనీస ప్యాకేజీలతోనే డెబియన్ వేసి ఇచ్చారు. అది తెచ్చుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ రావాలంటే అది కావాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు అన్నట్టుంది వ్యవహారం. ఇంట్లో ఉన్నదేమో కీప్యాడ్ ఫోను. అప్పుడు ఆ అమ్మాయి మా యంత్రంలో ఏవి ఉన్నాయో, ఏవి లేవో ఒక్కొక్కటీ నాచేత వెతికించి జాబితా రాయించింది. మోడ్‌స్విచ్, దాని డేటా ప్యాకేజీ, అది ఆధారపడే జిమ్ లైబ్రరీ, మోడెంను నడిపించే మోడెమ్‌మేనేజర్, దానికి కావలసిన చిన్న లైబ్రరీలు, మోడెం ద్వారా కనెక్షన్ కలిపే పీపీపీ, మొబైల్ కంపెనీల వివరాలుండే ప్యాకేజీ, మోడెంతో నేరుగా మాట్లాడడానికి మినీకామ్. యంత్రం 64 బిట్‌దా, 32 బిట్‌దా అని కూడా అడిగింది. ఇలా దూరం నుంచి ఫైళ్లు తెప్పించుకునేవారు ముందు తేల్చుకోవలసింది అదే. అది తప్పితే ప్రయాణం దండగ.

ఆ జాబితా పట్టుకుని పార్వతీపురంలో ఒక నెట్ సెంటర్‌కు వెళ్లాను. అక్కడి కుర్రవాడు తన గిరాకీ పక్కన పెట్టి అన్నీ దించిపెట్టాడు. ఒక ఫైలు ఏఎండీ64 (64 బిట్) బదులు ఐ386 (32 బిట్) దిగితే తనే గమనించి మార్చాడు. డబ్బు ఇవ్వబోతే, “గ్రంథాలయానికైతే డబ్బులెందుకు సార్” అన్నాడు. బాబూ, నీకు కూడా నా నమస్కారం. ఆ ఒక్క ఫైలు నువ్వు చూడకపోతే నేను మళ్లీ రావలసి వచ్చేది.

పెన్‌డ్రైవ్‌లోని ప్యాకేజీలన్నీ ఒకే ఫోల్డరులో పెట్టి, ఒకే ఆదేశంతో ఎక్కించమంది విశాఖ అమ్మాయి. విడివిడిగా ఎక్కిస్తే ఒకదానికి మరొకటి లేదని ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీ మొరాయిస్తుంది. అన్నీ కలిపి ఇస్తే వాటి వరుస అదే చూసుకుంటుంది. ఆ తరవాత మోడెం తీసి, మళ్లీ గుచ్చాను. దాని మీది చిన్న దీపం ఆకుపచ్చగా రెండేసి సార్లు మినుకుమంది. సీడీ బొమ్మ తెర మీది నుంచి పోయింది. కెర్నెల్ (లినక్స్ మూల భాగం) లాగ్‌లో జీఎస్‌ఎం మోడెం కనిపించిందనీ, టీటీవైయూఎస్‌బీ0, 1, 2 అనే మూడు పోర్టులు తగిలాయనీ వరుసలు వచ్చాయి. చుట్టూ మూగిన పిల్లలకు ఏం జరిగిందో తెలియలేదు గానీ నా ముఖం చూసి చప్పట్లు కొట్టారు. ఆ పోర్టులను చూపించిన కెర్నెల్ డ్రైవర్ పేరు ఆప్షన్. 2005లో మథియాస్ ఉర్లిక్స్ వేరే కంపెనీ డేటా కార్డు కోసం రాయడం మొదలుపెట్టినది, తరవాత ఎందరో చేయి వేయగా వందల రకాల మోడెంలకు ఆధారమైంది.

ఇంతటితో అయిపోయిందనుకున్నాం. కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్‌లో మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ ఎంచుకుంటే దేశం అడిగింది, కంపెనీ అడిగింది. బీఎస్‌ఎన్‌ఎల్ పేరు ఆ పట్టికలోనే ఉంది. ఏపీఎన్ (కంపెనీ ఇంటర్నెట్ ద్వారం పేరు) దగ్గర బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్ అని ఉంచి, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేశాం. డయల్ చేసే నంబరు *99#. కనెక్షన్ వచ్చింది, పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది.

అప్పుడు ఆ అమ్మాయి మినీకామ్ తెరిపించింది. మోడెమ్‌మేనేజర్‌ను కాసేపు ఆపి, టీటీవైయూఎస్‌బీ2 పోర్టులో సిగ్నల్ బలం అడిగే ఏటీ+సీఎస్‌క్యూ అనే ఆదేశం కొట్టమంది. 1981 నాటి హేయిస్ మోడెంల కాలం నుంచి వస్తున్న ఏటీ ఆదేశాల భాష ఇది. ఇన్నేళ్ల తరవాత కూడా ఈ మోడెం ఆ భాషకే పలుకుతుంది. జవాబుగా 6 అని వచ్చింది. ఈ కొలత 0 నుంచి 31 దాకా ఉంటుంది. రెండుతో గుణించి 113 లోంచి తీసేస్తే సిగ్నల్ బలం మైనస్ డీబీఎంలలో తెలుస్తుంది. ఆరు అంటే మైనస్ 101, చాలా బలహీనం. గది మధ్యలో, ఇనుప బీరువా పక్కన ఉన్న యంత్రానికి అంతకన్నా ఎక్కువ ఎలా వస్తుంది?

ఎక్స్‌టెన్షన్ తీగ వేద్దామన్నాం. ఇక్కడ మా ఊరి ఎలక్ట్రీషియన్‌ను తలుచుకోవాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే. సిగ్నల్ తక్కువగా ఉన్నచోట మోడెం గట్టిగా ప్రసారం చేయవలసి వచ్చి ఎక్కువ కరెంటు లాగుతుంది. సన్నని పొడుగు తీగ వేస్తే దారిలోనే వోల్టేజీ పడిపోయి మోడెం చటుక్కున ఆగిపోతుంది. ఈ సంగతి అమ్మాయి ఫోనులో చెబితే, ఆయన తీగను తాకి చూసి, “ఇది పనికిరాదు మాస్టారూ, లోపల రాగి వెంట్రుకంత కూడా లేదు” అని మందపాటి పొట్టి తీగ తెచ్చిచ్చాడు. దాన్ని ముందువైపు పోర్టుకు కాకుండా, మదర్‌బోర్డుకు నేరుగా ఉన్న వెనకవైపు పోర్టుకు తగిలించాడు. కంప్యూటర్ బల్లను ఉత్తరం కిటికీ దగ్గరికి జరిపాం. సిగ్నల్ 17కు పెరిగింది.

అయినా కనెక్షన్ నిలవలేదు. సిగ్నల్ ఉంది, మోడెం ఉంది, సిమ్‌లో డబ్బు ఉంది. ఆ అమ్మాయికి కూడా అంతు చిక్కలేదు. తెలియదని దాచుకోకుండా, “ఇది నాకు అందడం లేదు మాస్టారూ, తెలిసినవారిని అడుగుదాం” అంది. ఆమె మీద నాకు గౌరవం రెట్టింపైంది ఆ మాటతోనే.

ఆ తెలిసినవారు టెలికాం శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన. ఫోనులో అంతా విని, ఆయన అడిగినది ఒక్కటే: “మీ కిటికీ ఏ వైపు ఉంది?” ఉత్తరం వైపన్నాను. “అటు ఒడిశా టవరు తగులుతుంది. సీఆర్‌ఈజీ ఏమంటోందో చూడండి” అన్నారు. మోడెం ఏ నెట్‌వర్క్‌లో నమోదైందో చెప్పే ఏటీ ఆదేశం అది. చూస్తే 5 వచ్చింది. 1 వస్తే సొంత నెట్‌వర్క్, 5 వస్తే రోమింగ్. ఆపరేటర్ సంఖ్య అడిగితే ఒకసారి 40476, కాసేపటికి 40473. బీఎస్‌ఎన్‌ఎల్‌కు ఆంధ్రప్రదేశ్ సర్కిల్ సంఖ్య 404-73, ఒడిశాది 404-76. మోడెం రెండు రాష్ట్రాల టవర్ల మధ్య ఊగిసలాడుతోంది. మారిన ప్రతిసారీ కనెక్షన్ తెగుతోంది.

ఆయన సలహా ప్రకారం బల్లను దక్షిణం కిటికీకి మార్చాం. నెట్‌వర్క్‌మేనేజర్‌లో నెట్‌వర్క్ ఐడీ అనే గడిలో 40473 అని రాశాం. చాలామంది ఖాళీగా వదిలేసే గడి అది. అక్కడ సంఖ్య ఉంటే మోడెం ఆ నెట్‌వర్క్‌నే పట్టుకుంటుంది, వేరేదాని జోలికి పోదు. దక్షిణం కిటికీలో సిగ్నల్ 14కు తగ్గింది. తగ్గినా నిలకడగా ఉంది. దీపం నీలంగా మినుకుమని, ఆ తరవాత లేత నీలంలో స్థిరంగా వెలిగింది. అంటే హెచ్‌ఎస్‌డీపీఏ (వేగమైన 3జీ) కుదిరిందన్నమాట. సరిహద్దు మండలాల్లో, అటు సాలూరు వైపైనా ఇటు పాతపట్నం వైపైనా, ఇలాంటి మోడెంతో తంటాలు పడుతున్నవారు ఉంటే ముందు ఈ ఒక్కటీ చూసుకోండి. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నంత మాత్రాన అది మన టవరు అనుకోనక్కర్లేదు.

పెద్దాయనా, మీరు మీ ఉద్యోగ జీవితమంతా ఈ కొండల్లో టవర్ల వెంట తిరిగారని తరవాత తెలిసింది. మీ పాదాలకు నమస్కారం.

మోడెమ్‌మేనేజర్‌ను మొదలుపెట్టిన డాన్ విలియమ్స్‌కు, దాన్ని ఏళ్ల పాటు భుజాన మోసిన అలెగ్జాండర్ మోర్గాడోకు, దేశదేశాల ఏపీఎన్‌లను పట్టికగా కూర్చి ఎవరైనా వాడుకోవచ్చని వదిలేసిన వాలంటీర్లకు, ఈ ప్యాకేజీలను డెబియన్‌లో సరిచూసి పెట్టేవారికి కూడా మా ఊరు రుణపడి ఉంది. వీరిలో ఏ ఒక్కరు లేకపోయినా మా పని ఇంత సులువుగా అయ్యేది కాదు.

ఈ మోడెం గరిష్ఠ వేగం సెకనుకు 3.6 మెగాబిట్లు. మాకు అంత రాదు. వీడియోలు చూడలేం. దరఖాస్తు పేజీలు తెరుచుకుంటాయి, ఫొటోలు అప్‌లోడ్ అవుతాయి, హాల్ టికెట్ దిగుతుంది. మాకు కావలసింది అదే. మొన్న తొమ్మిదో తరగతి చదివే ఇద్దరు ఆడపిల్లలు, కనెక్షన్ పోతే నన్ను పిలవకుండా తామే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కొట్టి, 1446 అని చూసి, మోడెం తీసి మళ్లీ గుచ్చి, 1001 వచ్చాక కనెక్ట్ చేసుకున్నారు. విశాఖ అమ్మాయికి ఈ సంగతి చెబితే ఫోనులో కాసేపు మాట్లాడలేకపోయింది. అమ్మా, నువ్వు ప్రతి అడుగూ ఎందుకో చెప్పి చేయించావు కాబట్టి నాకు వచ్చింది, నాకు వచ్చింది కాబట్టి వాళ్లకు వచ్చింది. చల్లగా ఉండు.

ప్యాకేజీలున్న పెన్‌డ్రైవ్‌ను గ్రంథాలయం సొరుగులో ఉంచాం. అవి 64 బిట్ డెబియన్ 12కు సరిపోతాయి. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికైనా ఇలాంటి మోడెం మూలన పడి ఉంటే, సాయంత్రం ఐదు తరవాత యంత్రంతో సహా తీసుకురండి. మందపాటి పొట్టి తీగ మాత్రం మీరే తెచ్చుకోవాలి, మా దగ్గర ఉన్నది ఒక్కటే.