డిసెంబరు 31న సాయంత్రం ఐదింటికే షట్టర్ దించేస్తున్నాం

మహారాణిపేటలో మా బేకరీకి వచ్చే అందరికీ నమస్కారం. ఈ మధ్య కౌంటర్ దగ్గర అందరూ రెండే అడుగుతున్నారు. మాల్‌లో కొత్త కౌంటర్ ఎప్పుడు తెరుస్తున్నారు? థర్టీఫస్ట్ నైట్ ఎన్నింటిదాకా ఉంటారు? మాల్‌లో తెరవడం లేదండి. థర్టీఫస్ట్ నాడు సాయంత్రం ఐదింటికే మూసేస్తాం. ఎవరికి వాళ్లకి విడిగా చెప్పే బదులు సంగతంతా ఇక్కడే రాసేస్తున్నాను.

విశాఖలో బేకరీ నడిపేవాడికి డిసెంబరు 31 అంటే ఏంటో మీకూ తెలుసు. రోడ్డు పక్కన షామియానా, బల్లల మీద వరసగా పేర్చిన కూల్ కేకులు, సీరియల్ లైట్లు, అర్ధరాత్రి దాకా ఆగుతూ పోయే బైకులు. ఆ ఒక్క రాత్రి అమ్మకంతో జనవరి అద్దె, మైదా బాకీ రెండూ తీరిపోతాయి. సరిగ్గా అదే రాత్రి చర్చిలో వాచ్‌నైట్ సర్వీస్. పది గంటలకి పాటలతో మొదలవుతుంది, పన్నెండు కొట్టేసరికి అందరూ మోకాళ్ల మీద ఉంటారు. తర్వాత కొత్త ఏడాదికి తలా ఒక వాగ్దానం కార్డు, అంటే బైబిల్ వాక్యం రాసిన కార్డు తీసుకుంటారు. మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ ఎవరో ఒకరు గల్లాపెట్టె దగ్గర ఉండిపోవడమే, వాళ్ల కార్డు ఇంకొకరు తేవడమే. మా అమ్మ ఐసింగ్ చేతులతోనే కార్డు పట్టుకుని చదివేది. ఆవిడ బైబిల్లో ఇప్పటికీ ఆ కార్డులన్నీ ఉన్నాయి, దాదాపు అన్నింటికీ క్రీమ్ మరకలే.

ఈసారి అందరం వెళ్తున్నాం.

ఇక మాల్ విషయం. చోటు మంచిదే, అద్దె కూడా మరీ గుండె ఆగిపోయేంత కాదు. కానీ వారంలో ఏడు రోజులూ తెరిచి ఉండాలి, మూస్తే జరిమానా అని అగ్రిమెంటులో రాశారు. ఆదివారమే జనం ఎక్కువ, వాళ్లు అలా అడగడంలో తప్పేం లేదు. మేం ఆదివారం ఒంటిగంట దాకా తియ్యం. దేవుడికీ సిరికీ ఒకేసారి ఊడిగం చెయ్యలేమన్న మాట సండే స్కూల్లో వల్లించిందే. సంతకం పెట్టమని పెన్ను చేతికిచ్చినప్పుడు గానీ అది నాకు చెప్పిన మాట అనిపించలేదు.

మా బావమరిది ఊరుకోలేదు. 'పెద్ద వ్యాపారం చేసి పెద్ద దశమభాగం ఇస్తే దేవుడు వద్దంటాడా బావా?' అని వాదన. సంపాదనలో పదో వంతు చర్చికి ఇవ్వడమే దశమభాగం. కొట్టిపారేసే మాట కాదది. అప్పుడు వాడికి మన ఊరి సంగతే ఒకటి చెప్పాను. 1805లో లండన్ మిషన్ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు ఇక్కడికి వచ్చారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలు తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో పోయాడు, డెగ్రాంజెస్ 1810లో. మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. అచ్చయిన పుస్తకాన్ని ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు. లాభనష్టాలు చూసుకునేవాళ్లయితే ఓడ ఎక్కేవాళ్లేనా అన్నాను. 'వాళ్లకి మైదా బాకీ లేదుగా' అన్నాడు. నాకూ నవ్వొచ్చింది.

మాల్ వద్దనుకోవడానికి ఇంకో కారణం కేజీహెచ్, అదే మన పెద్ద ప్రభుత్వాసుపత్రి. రోజూ సాయంత్రం ఓపీ గేటు బయట, రోగులకి తోడుగా వచ్చినవాళ్లకి బన్ను, పాలు ఇస్తున్నాం. మిగిలిపోయిన సరుకు కాదు, అందుకోసమే కాల్చిన బన్నులు. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు నుంచే కాదు, ఒడిశా నుంచి కూడా వస్తారక్కడికి. కొందరికి తెలుగు రాదు, చేత్తోనే ఎన్ని కావాలో చూపిస్తారు. ఒక పెద్దాయన బన్ను సగానికి తుంచి, ఒక ముక్క తిని, రెండోది తువ్వాలు చెంగున ముడేసుకున్నాడు. ఇంకోటి తీసుకో తాతా అంటే, 'రేపు పొద్దున్న మల్లీ వస్తారేటి బాబూ?' అన్నాడు. అప్పటి నుంచి పొద్దున్న కూడా వెళ్తున్నాం. మాల్‌లో కౌంటర్ పెడితే దీనికి మనుషులు మిగలరు.

పొట్లంలో కరపత్రం కూడా పెట్టొచ్చుగా అని మా సంఘంలో కొందరు అడిగారు. పెట్టం. ఆకలి మీద ఉన్న మనిషికి బన్నుతో పాటు మన మాట కూడా అంటగట్టడం నాకు నచ్చదు. ఎందుకు ఇస్తున్నారని ఎవరైనా అడిగితే మాత్రం ప్రభువు పేరు దాచం.

థర్టీఫస్ట్ రాత్రి మూస్తే పోయేది నా డబ్బు ఒక్కటే కాదు. మా కేక్ మేస్త్రి ఏటా అయ్యప్ప మాల వేసుకుంటాడు. దీక్షలో గుడ్డు ముట్టడు కాబట్టి ఈ సీజన్‌లో మీరు తినే ఎగ్‌లెస్ కేకులన్నీ అతని చేతివే. ఆ రాత్రి ఓవర్‌టైమ్ అతనికి శబరిమల దారిఖర్చు. నా ప్రార్థన కోసం అతని జేబుకి చిల్లు పెడితే అదేం భక్తి? అందుకని ఆ రాత్రి ఓవర్‌టైమ్ అందరికీ ఎప్పటిలాగే ఇస్తున్నాం. టెన్షన్ లేదని మాత్రం చెప్పను, ఓవెన్ లోన్ వాయిదా జనవరి మొదటి వారంలోనే ఉంది.

ప్లమ్ కేక్ కిలో 480 నుంచి 520 రూపాయలు చేశాం. బన్నుల ఖర్చు మీ నెత్తిన వెయ్యడం లేదండి, వెన్న, పలాస జీడిపప్పు మాకు పడే రేటు పెరిగింది. బన్నుల లెక్క వేరే పుస్తకంలో ఉంటుంది, అది మా ఇంటి వాటాలోంచే పోతుంది. అనుమానం ఉంటే కౌంటర్ దగ్గర అడిగి చూడండి. మేమూ చందా ఇస్తామంటున్నవాళ్లకి థాంక్స్, డబ్బు తీసుకోం. పొద్దున్న ఆరింటికి వచ్చి ఓ చెయ్యి వేస్తే చాలు, ఏ మతంవాళ్లయినా సరే. అలాగే, మేం విశ్వాసులమని మొహమాటపడి మా దగ్గర కొనక్కర్లేదు. కేక్ బాగోకపోతే మొహం మీదే చెప్పండి.

సెమీ క్రిస్మస్ (క్రిస్మస్‌కి ముందే చేసుకునే వేడుక) ఆర్డర్లు రెండు రోజులు ముందు చెప్పండి. 31వ తేదీ కేకులు 29 సాయంత్రంలోగా బుక్ చేసుకుని, 31న నాలుగున్నరలోపు తీసుకెళ్లండి. జనవరి 1న మధ్యాహ్నం రెండింటికి తెరుస్తాం. అర్ధరాత్రి దాకా ఉంచాలి కాబట్టి కూల్ కేక్‌ని ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు. ఫ్రిజ్ లేకపోతే ప్లమ్ కేకో బటర్ కేకో తీసుకోండి, బయట ఉన్నా ఏం కాదు.